సీలు విప్పిన రైలు

ఆ వేసవిలో మా ఇంట్లో ఎవరూ ఒకచోట కుదురుగా కూర్చున్నది లేదు. వంటింట్లో ఉంటే నా మనసు వీధి గదిలో ఉండేది, వీధి గదిలోకి వస్తే చెవులు లోపలి గదిలో ఉండేవి. మా ఆయన పేపరు తీసి పట్టుకుని, చదవకుండానే మడిచి, కాసేపటికి మళ్ళీ తీసేవారు. ఇక ఆ పిల్ల సంగతి చెప్పనే అక్కర్లేదు. ఇంట్లో అడుగుపెట్టిన పూటే ప్రతి తలుపూ తీసి చూసింది, ప్రతి కుళాయీ తిప్పి చూసింది. బాల్కనీ తలుపు గడియ లోపలినుంచి ఎలా పడుతుందో, బయటికి వెళ్ళి తోస్తే ఊడుతుందో లేదో పరీక్ష చేసింది. అది చూసి మా ఆయన, "అమ్మో, సూపర్‌వైజరు వచ్చేసింది" అన్నారు. ఆ పేరే నిలిచిపోయింది.

పిల్ల మా పిల్ల కాదు. అప్పటికి ఎవరి పిల్లా కాదు. పిల్లల ఆశ్రమం వాళ్ళు బడి సెలవులకి మా ఇంటికి పంపారు. సెలవులన్నాళ్ళూ దగ్గర ఉంచుకోవాలి. చివర్లో దత్తతలు చూసే ఆఫీసరమ్మ వచ్చి మమ్మల్నొక మాట, పిల్లనొక మాట అడుగుతుంది. ముగ్గురి మాటా కలిస్తేనే దత్తత వ్యవహారం ముందుకు కదులుతుంది. ఆఫీసరమ్మ నెమ్మదస్తురాలు, ఏదీ దాచే మనిషి కాదు. పిల్లకి ఎనిమిదేళ్ళనీ, ఇంతకుముందు ఒక ఇంటికి వెళ్ళి తిరిగొచ్చేసిందనీ ముందే చెప్పింది. ఎందుకొచ్చేసిందని అడిగితే, ఆ ఇంటివాళ్ళు "కుదరలేదు" అని మాత్రం అన్నారట. ఆ మాట నాలో ముల్లులా దిగబడింది. ఆశపడితే ఆ ముల్లు ఇంకా లోపలికి దిగుతుందని భయం. అందుకే పిల్ల వచ్చిన మర్నాడే మా ఆయనకి గట్టిగా చెప్పేశాను, బడి గురించీ కొత్త మంచం గురించీ వచ్చే ఏడాది గురించీ నా ముందు ఎత్తొద్దని. ఆయన సరే అన్నారు గానీ, సరే అన్న మొహం కాదది.

మా ఆయనది లిఫ్టులు బాగుచేసే పని. పగలంతా ఇనుప తాళ్ళు, గ్రీజు, సగంలో ఇరుక్కుపోయిన తలుపులు, లోపల చెమటలు కక్కుతూ అరిచే జనం. ఇంటికొచ్చి చేతులు కడుక్కున్నాక మాత్రం ఆయన లోకం వేరు. బొమ్మ రైళ్ళు. ఒకదాని మీద ఒకటి పెట్టి నొక్కితే టక్కున అతుక్కునే ప్లాస్టిక్ ఇటుకలుంటాయే, వాటితో కట్టుకునే రైళ్ళు. పొగ ఇంజను సెట్టనీ, గూడ్సు సెట్టనీ, మంచు తోసే బండి సెట్టనీ అట్టపెట్టెల్లో వస్తాయి. సెట్టుకి ఒక ఇంజనూ, మహా అయితే రెండు మూడు బోగీలూ ఇస్తారు. అంతమాత్రానికి రైలనడమెందుకు, ఆటోకి తోక తగిలించినట్టుంటుంది అని ఆయన బాధ. అందుకని ఒకే రంగు ముక్కలు నింపిన సంచులు విడిగా తెప్పించుకునేవారు. ఒక సంచినిండా నల్లవి, ఇంకో సంచినిండా బూడిద రంగువి, మరో సంచినిండా ఎర్రవి. ఆ ముక్కలతో సొంతంగా బోగీలు కట్టి రైలుని పొడుగు చేసేవారు. సెట్టు ఎవరైనా కొనుక్కుంటారు, దాని రంగుకి సరిగ్గా కలిసే సంచి దొరకబుచ్చుకోవడంలోనే ఉంది మజా అంతా అనేవారు.

కింది వాటాలో ఉండే మా వదిన, అంటే ఆయన అక్కగారు, "మా తమ్ముడికి పిల్లలు పుట్టలేదు గానీ రైళ్ళు పుట్టాయి" అని వచ్చినవాళ్ళందరికీ చెప్పి నవ్వేది. వాళ్ళతో పాటు నేనూ నవ్వేదాన్ని. నవ్వడం అయ్యాక లేచి వెళ్ళి ఏదో ఒక గిన్నె కడిగేదాన్ని.

రైళ్ళన్నిటికీ మహారాజు బీరువా నెత్తిన ఉండేది. ముదురు నీలం రంగు మెయిలు బండి సెట్టు. తయారీ ఆపేసి ఎన్నో ఏళ్ళయిందట. ఏదో పాత బొమ్మల దుకాణం ఎత్తేస్తుంటే, నానా తిప్పలూ పడి దక్కించుకున్నారు. సీలు కూడా విప్పలేదు. ఎప్పుడైనా మనసు బాగోలేకపోతే కిందికి దించి, దుమ్ము తుడిచి, అట్ట మీది బొమ్మ చూసుకుని, పైన పెట్టేసేవారు. ఈ సీలు పిచ్చి ఆయనకి అంటించింది వీధి మొదట్లో జుట్టు కత్తిరించే షాపాయన. బొమ్మ రైళ్ళలో గూడ్సు బండ్లు తప్ప ఇంకేవీ కూడబెట్టడు కాబట్టి ఆయన్ని మేమంతా గార్డుగారనే వాళ్ళం. సీలుంటే సొత్తు, సీలు పోతే పిల్లలాట అన్నది ఆయన సిద్ధాంతం.

పిల్లకి ఇచ్చింది ఆ రైళ్ళూ బీరువా ఉన్న లోపలి గదే. మా ఇంట్లో ఉన్నదే రెండు గదులు. అరలు ఒక గోడకి జరిపి, మంచం వేశాం. మా ఆయన ఆమె కోసమని ముందే ఒక చిన్న రైలు సెట్టు కొని ఉంచారు. పిల్ల "థాంక్యూ అంకుల్" అని బుద్ధిగా తీసుకుని, దాన్ని కాగితం కూడా విప్పకుండా తన సంచి పక్కన పెట్టుకుంది. ఆ సంచీ అంతే, విప్పి సర్దింది లేదు. రోజూ ఒక గౌను తీసి తొడుక్కునేది, ఉతికి ఆరేశాక మడిచి మళ్ళీ అందులోనే పెట్టేది.

కొన్ని రోజులకి ఆ ఒకే రంగు సంచుల మీద ఆమె కన్ను పడింది. వాడుకోవచ్చా అని అడిగింది. మా ఆయన ఉబ్బితబ్బిబ్బైపోయి, సంచుల్లోవి ఎన్నయినా తీసుకో, ఆ బీరువా మీద ఉన్న నీలం పెట్టె ఒక్కటి మాత్రం ముట్టుకోకు అని చెప్పారు. పిల్ల బూడిద రంగు సంచి కింద పోసుకుని కూర్చుంది. ఆ పూటంతా కట్టి తన గది గుమ్మానికి అడ్డంగా చీలమండ ఎత్తున ఒక వరస లేపింది.

"ప్లాట్‌ఫారమా?" అని మా ఆయన ఆశగా అడిగారు.

"కాదు. గోడ."

"ఎవరూ రాకుండానా?"

పిల్ల కాస్త ఆలోచించి, "రావచ్చు. వస్తే చప్పుడవుతుంది" అంది.

ఆ మర్నాటినుంచి ఆయన గుమ్మం బయట నిలబడి, సిగ్నల్ పడిందా అని కేకేసేవారు. పిల్ల వచ్చి గోడలోంచి ఒక ముక్క పీకి పక్కన పెడితే అప్పుడు దాటేవారు. మా వదిన మాత్రం ఒకసారి చూసుకోక కాలు తగిలి, గోడ విరిగి, ఆమె బొటనవేలు కమిలి, పెద్ద రభస అయింది. ఈ వయసు పిల్లని తెచ్చుకుంటే ఇలాగే ఉంటుందని తాను ముందే చెప్పానంది. పిల్ల ఆ మాట విననట్టే మోకాళ్ళ మీద కూర్చుని, ఊడిన ముక్కలు ఒక్కొక్కటే ఏరుకుంది.

నాది కళ్ళజోళ్ళ దుకాణంలో అద్దాలు అరగదీసి ఫ్రేముల్లో బిగించే పని. ఆ సెలవులకి నేను పొద్దున పూట మాత్రం పనికి వెళ్ళేలా, మా ఆయన మధ్యాహ్నం నుంచి వెళ్ళేలా ఏర్పాటు చేసుకున్నాం. నా చేతిలో ఏనాడూ అద్దం పగలడం ఎరగను. ఆ వేసవిలో మాత్రం మా యజమాని కళ్ళజోడు పైకెత్తి నాకేసి చూడని రోజు లేదు. అరగదీస్తూ అరగదీస్తూ ఉండగా, ఇప్పుడు అక్కడ ఏం చేస్తోందో అనుకునేదాన్ని. చేతిలో అద్దం చెంచాడు పొడైపోయేది. ఇంటికి వస్తూ బడి యూనిఫారాలు అమ్మే దుకాణం ఎదురవుతుందని సందు చుట్టూ తిరిగి వచ్చేదాన్ని. ఇంట్లో పిల్ల అటూ ఇటూ తిరుగుతూనే ఉండేది. కూర్చున్నా ఒక కాలు ఊగుతూనే ఉండేది.

ఎండలు ముదిరాక కరెంటు పోవడం మొదలైంది. కరెంటు పోతే ఊళ్ళో లిఫ్టులన్నీ ఎక్కడివక్కడే ఆగిపోయేవి. అలాంటి ఒక రోజు మా ఆయన తెల్లారుతూనే పనికి వెళ్ళిపోతే, నేను దుకాణానికి సెలవు పెట్టి ఇంట్లో ఉన్నాను. భోజనాలయ్యాక ఉక్కపోతకి వీధి గదిలో గచ్చు మీద నడుం వాల్చాను. కన్నంటుకుంది. చర్రుమని ఏదో చిరిగిన చప్పుడుకి మెలకువ వచ్చింది. గుడ్డ చిరిగిందనుకున్నాను.

లోపలికి వెళ్ళి చూద్దును కదా, బీరువా ముందు కుర్చీ, కుర్చీ మీద పీట. నేలమీద నీలం అట్టపెట్టె నోరు తెరుచుకుని ఉంది. సీళ్ళు చింపేసి ఉన్నాయి. లోపలి చిన్న సంచులన్నీ చింపి, ముక్కలన్నీ ఒకే కుప్పగా పోసేసి ఉన్నాయి. ఆ కుప్ప ముందు పిల్ల కూర్చుని ఉంది. ఆడుకోవడం లేదు. కాళ్ళకి బూట్లు వేసుకుంది, సంచి భుజానికి తగిలించుకుంది, చేతులు ఒళ్ళో పెట్టుకుంది. కాలు ఊగడం లేదు.

ఎందుకిలా చేశావని అడిగాను.

"ముట్టుకోవద్దన్నారు కదా, అందుకని" అంది.

నేను అర్థంకాక నిలబడిపోయాను. అప్పుడు పిల్ల నాకు పాఠం చెబుతున్నట్టు నెమ్మదిగా చెప్పింది. "ఇంతకుముందు ఇంట్లో ఒక గాజు గుర్రం ఉండేది ఆంటీ. నా చెయ్యి తగిలి పగిలిపోయింది. వాళ్ళు ఏమీ అనలేదు. రోజూ నవ్వుతూనే ఉన్నారు. నేనూ ఉంటాననే అనుకున్నాను. సెలవులయ్యాక పంపించేశారు." కుప్ప వైపు చూసి, "ఇదైతే ఇవాళే తెలిసిపోతుంది" అంది.

దగ్గరికి తీసుకోవాలని చేతులు లేచాయి. కానీ ఆమె కూర్చున్న తీరు చూస్తే, ముట్టుకుంటే విరిగిపోయేలా ఉంది. అంకుల్ వచ్చేదాకా చూద్దామని మాత్రం అన్నాను. ఆమె తలూపింది. నేను ఆ గదిలోంచి బాల్కనీకీ, బాల్కనీలోంచి గదిలోకీ తిరుగుతూనే ఉన్నాను. మంచినీళ్ళిస్తే వద్దంది. మా ఇద్దరిలో కుదురుగా ఉన్నది ఆ పూట ఆమే.

సాయంత్రం ఆయన గ్రీజు చేతులతోనే వచ్చారు. గుమ్మం దగ్గర అలవాటుగా సిగ్నల్ అని అనబోయి ఆగిపోయారు. చాలాసేపు చూశారు. తరవాత వంగి అట్టపెట్టె మూత అందుకుని, చిరిగిన సీలు రెండు కొసలూ దగ్గరికి చేర్చి బొటనవేలితో నొక్కారు. అది అతుక్కుంటుందన్నట్టు మళ్ళీ నొక్కారు. వేలి గ్రీజు అట్టకి అంటుకుంది. మూత కింద పెట్టేసి, చెప్పులేసుకుని బయటికి వెళ్ళిపోయారు.

"ఆఫీసరమ్మకి ఫోన్ చెయ్యడానికా?" అంది పిల్ల.

తెలీదమ్మా అన్నాను. నిజంగానే తెలీదు. ఇన్నేళ్ళు కాపురం చేసిన మనిషి మెట్లు దిగి ఎటు వెళ్ళారో, ఏం చేసి వస్తారో ఆ క్షణాన నాకు అంతుపట్టలేదు.

చప్పుడు విని మా వదిన పైకి వచ్చింది. గది చూసింది, బుగ్గన చెయ్యి పెట్టుకుంది. నేను ముందే చెప్పానా అని మొదలుపెట్టింది. ఆమె ముందు నేను ఏనాడూ గొంతు పెంచలేదు. అప్పుడూ పెంచలేదు.

"వదినా, మీరు కిందికి వెళ్ళండి. ఇది మా ముగ్గురి సంగతి" అన్నాను.

వదిన నా మొహంలోకి చూసి, వెళ్ళిపోయింది. ఆమె వెళ్ళిపోయాక గానీ నేనన్నది నాకే తట్టలేదు. ముగ్గురని అన్నాను.

దీపాలు పెట్టే వేళకి మెట్ల మీద రెండు జతల చెప్పుల చప్పుడైంది. మా ఆయన వెనకాల గార్డుగారు. గార్డుగారి మెడలో ఇంకా షాపులో కట్టుకునే తువ్వాలే ఉంది. ఆయన గుమ్మంలో నిలబడి నీలం కుప్పని చూసి, ఎవరో పోయిన ఇంటికి వచ్చినట్టు తల దించుకున్నాడు. మా ఆయన చంకలో ఒక పెద్ద సంచి ఉంది. అందులో నిండా ముదురు నీలం ముక్కలు. సరిగ్గా ఆ నీలమే. ఎప్పటికైనా పనికొస్తుందని గార్డుగారు ఏళ్ళతరబడి దాచుకున్న సంచి, ఎంత బతిమాలినా ఎవరికీ ఇవ్వనిది.

మా ఆయన పిల్లకి ఎదురుగా గచ్చు మీద చతికిలబడ్డారు. "దీంట్లో ఇచ్చింది మూడు బోగీలే. సీలున్నంతకాలం పొడుగు చేసే వీల్లేకపోయింది" అన్నారు.

పిల్ల సంచి భుజం మీంచి దించలేదు. "పంపించరా?" అని అడిగింది.

ఆయన నీలం ముక్క ఒకటి తీసి వేళ్ళ మధ్య తిప్పారు. మెత్తటి మాట వెతుక్కుంటున్నారేమో అనుకున్నాను. కాదు, నిజమైనది వెతుక్కుంటున్నారు.

"నాకు కోపం వచ్చింది. ఇంకా పోలేదు కూడా. గార్డుగారి షాపులో కూర్చుని అనకూడని మాటలన్నీ అనేసి వచ్చాను. అది వేరు, పంపించడం వేరు. వస్తువు పాడుచేసినందుకు ఈ ఇంట్లోంచి ఎవర్నీ పంపించేది లేదు. ఆఫీసరమ్మ ఏమంటుందో నాకు తెలీదు, నా చేతిలో ఉన్నంతవరకు చెబుతున్నాను." అని, కుప్పలో చెయ్యి పెట్టి కలియతిప్పుతూ, "ముందు ఆ బూట్లు విప్పు. వాటితో మఠం వేసుకోవడం కుదరదు" అన్నారు.

పిల్ల ఆయన్ని చూసింది, నన్ను చూసింది, గార్డుగారిని కూడా చూసింది. గార్డుగారు ముక్కు ఎగబీల్చి, విప్పమ్మా, ఇంక విప్పనిదేముంది ఈ ఇంట్లో అన్నాడు. పిల్ల సంచి దించి, లేసులు విప్పడం మొదలుపెట్టింది.

ఆ రోజు తరవాత మా ఇంట్లో నడవడానికి చోటు లేకపోయింది. అన్నాళ్ళూ ఒక ముక్క కూడా ముట్టుకోని నేను, కిటికీలకి పెట్టే గాజులాంటి ముక్కలు చట్రాల్లో బిగించే పని మీదేసుకున్నాను. అద్దాలు బిగించడం నాకు చెప్పాలా. పిల్ల నా పక్కన కూర్చుని ఒక్కో కిటికీ వెలుతురుకి ఎత్తి చూసి, వేలిముద్ర పడిందని తిప్పి పంపేది. గార్డుగారు షాపు మూసే రోజుల్లో వచ్చి, సీలు విప్పిన సరుకుని చేత్తో ముట్టనంటూ దూరంగా కూర్చుని, చక్రాలు అలా కాదు ఇలా అని మూడు నిమిషాలకోసారి అరిచి, చివరికి మా అందరికంటే ఎక్కువ బోగీలు తనే కట్టాడు. రైలు పిల్ల గది దాటింది. నడవలోకి వచ్చింది. వంటింటి గుమ్మం దాకా పట్టాలూ వంతెనా వేయాల్సి వస్తే బూడిద రంగు ముక్కలు చాలలేదు. ఒకరోజు మా ఆయన గుమ్మం దగ్గర నిలబడి సిగ్నల్ అడిగితే, లోపలినుంచి పిల్ల, ఊరికే రండి అంకుల్, గోడ వంతెనలోకి పోయింది అంది.

ఇంత జరిగినా నాకు స్థిమితం లేదు. పైగా ఎక్కువైంది. పంపించేది లేదని ఆయన అన్నారు గానీ, ఉంటానని ఆమె అనలేదు. ఆ మాట ఆమెని అడగొచ్చు కదా అని మా ఆయన రెండు మూడుసార్లు అన్నారు. నా వల్ల కాలేదు. రైలు పనిలో ఉన్నంతసేపూ బాగానే ఉండేది, చేతులు ఖాళీ అయ్యేసరికి లేచి ఇల్లంతా తిరిగేదాన్ని. సెలవుల ఆఖరు దగ్గరపడుతున్న కొద్దీ ఆమె కూడా మాటలు తగ్గించేసింది. బోగీ కడుతూ కడుతూ తలెత్తి నన్ను చూసేది. నేను చూడగానే తల దించుకునేది. అడగబోయి మానుకుంటోందని తెలుస్తూనే ఉంది. నేను చేస్తున్నదీ అదే.

ఆఫీసరమ్మ ఒక పొద్దున్నే వచ్చింది. నడవలో రైలుని తొక్కకుండా చీర కుచ్చిళ్ళు కాస్త ఎత్తిపట్టి, గోడవారగా నడుచుకుంటూ లోపలికి వచ్చింది. ముందు మా ఇద్దరినీ బాల్కనీలోకి తీసుకెళ్ళి అడిగింది. మా ఆయన గొంతు సవరించుకుని చెప్పారు. తరవాత నా వంతు. అన్నాళ్ళూ పైకి అనని మాట ఆవిడ ముందు అన్నాను. ఆవిడ బాల్కనీ కమ్మీ మీద ఉన్న నా చేతి మీద ఒకసారి చెయ్యి వేసి తీసేసి, పిల్ల గదిలోకి వెళ్ళి తలుపు దగ్గరగా వేసింది.

మేమిద్దరం వీధి గదిలో నిలబడ్డాం. కుర్చీలున్నాయి గానీ కూర్చోవాలని తోచలేదు.

ఎంతో సేపు పట్టలేదు. తలుపు తెరుచుకుని పిల్ల ఒక్కతే బయటికి వచ్చింది. వెనకాల ఆఫీసరమ్మ గుమ్మంలో ఆగింది. పిల్ల తిన్నగా నా దగ్గరికి వచ్చి నిలబడింది.

"మీరేం చెప్పారు?" అని అడిగింది.

"ఉండమని చెప్పాను."

"అంకుల్?"

"ఆయనా అదే చెప్పారు."

"ఊరికే చెప్పారా?"

"ఊరికే కాదు. నువ్వు వెళ్ళిపోతావేమోనని ఈ సెలవులన్నాళ్ళూ నాకు అన్నం సయించలేదు" అన్నాను.

పిల్ల నా మొహాన్ని కిటికీ ముక్కని చూసినట్టు పట్టి పట్టి చూసింది. చూసి, గుమ్మంలో ఉన్న ఆఫీసరమ్మ వైపు తిరిగి, "నాది కూడా అదే అని రాసుకోండి" అంది.

ఆఫీసరమ్మ ఇంకా చాలా జరగాల్సి ఉందని, కోర్టు ఉంటుందని, తాను అప్పుడప్పుడూ వస్తూ ఉంటానని ఏవేవో చెప్పింది. మా ఆయన అన్నిటికీ తలూపారు. ఆయన ఒక్క ముక్క కూడా విని ఉండరు. నేనూ వినలేదు. ఆవిడని మెట్ల దాకా సాగనంపి వచ్చేసరికి పిల్ల నడవలో బోర్లా పడుకుని, రైలుకి కన్ను ఆనించి, కిటికీల్లోంచి అటు చివరికి చూస్తోంది.

తలెత్తకుండానే, "ఆకలేస్తోంది" అంది.

అన్నాళ్ళూ పెడితే తింది, పెట్టకపోతే ఊరుకుంది, ఏనాడూ నోరు తెరిచి అడిగింది లేదు. నేనూ మా ఆయనా ఒకేసారి వంటింటి వైపు కదిలాం. గుమ్మంలో భుజాలు గుద్దుకుని ఒకరినొకరు తోసుకుంటుంటే, వెనకనుంచి పిల్ల, రైలు మీద కాలు పడుతుంది చూసుకోండి అని ఇద్దరినీ కసిరింది.